సెకండియర్‌లో ఉన్నా స్కాలర్‌షిప్‌కు దారి ఉంది

"ఫస్టియర్‌లో ఏమీ పెట్టుకోలేదు సార్. ఇప్పుడు పెట్టుకుంటే వస్తుందా?"

డిగ్రీ రెండో ఏడాదిలోనో మూడో ఏడాదిలోనో ఉన్న పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఇది. నెల్లూరు తీరంలో, అంటే కావలి, బోగోలు, అల్లూరు మండలాల నుంచి ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు దాకా ఉన్న ఊళ్లలో, ఈ ప్రశ్న ఎక్కువగా వేసవిలో వస్తుంది. కారణం ఊహించడం కష్టం కాదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు తూర్పు తీరంలో మరబోట్ల వేటకు నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ నిషేధం అవసరమే. ఆ రోజులకు ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలకు పెరిగింది కూడా. కానీ బోట్లు ఒడ్డున ఉన్న ఆ రెండు నెలల్లోనే సెమిస్టర్ పరీక్షల ఫీజు, హాస్టల్ బాకీ, అన్నీ కలిసి వచ్చిపడతాయి. స్కాలర్‌షిప్ గుర్తొచ్చేది అప్పుడే. కేంద్ర ప్రభుత్వ పథకాల పోర్టల్ మాత్రం మామూలుగా జూన్, జులైలలో తెరుచుకుని అక్టోబరు చివరికి మూసుకుంటుంది. డబ్బు అవసరమైన నెలా, దరఖాస్తు పెట్టాల్సిన నెలా ఒకటి కాకపోవడం దగ్గరే చాలామంది పిల్లలు వెనకబడిపోతున్నారు.

అడిగినదానికి జవాబు: వస్తుంది, అయితే అన్నీ రావు. చాలా పథకాలు మొదటి ఏడాదిలో చేరినవాళ్లనే తీసుకుంటాయి. రెండో ఏడాదిలో ఉన్నవాళ్లు కొత్త పథకాల కోసం ఫోన్లో వెతకడం మొదలుపెట్టే ముందు, తమ పేరు మీద ఇప్పటికే ఏది నడుస్తోందో, ఏది మధ్యలో ఆగిపోయిందో చూసుకోవాలి. కొత్తదాన్ని సంపాదించడం కంటే ఆగినదాన్ని కదిలించడం చాలాసార్లు తేలిక. పైగా అందులో ఉండే మొత్తమే ఎక్కువ.

మీ పేరు మీద ఏముందో ముందు చూడండి

మన దగ్గర అందరూ "ఫీజు రీయింబర్స్‌మెంట్" అని పిలిచేదానికి మూలం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్. పదో తరగతి దాటిన ఎస్సీ విద్యార్థుల కోసం 1944లో, అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో ఉన్న రోజుల్లో, అది మొదలైంది. ఆ తర్వాత ఎస్టీలకూ, ఇతర వర్గాలకూ విస్తరించింది. ప్రైవేటు కాలేజీల ఫీజును కూడా ప్రభుత్వమే కట్టే పద్ధతి ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వ హయాంలో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి 2024 దాకా అది విద్యా దీవెన, హాస్టల్ ఖర్చులకు ఇచ్చేది వసతి దీవెన. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అనే పాత పేరుకు వచ్చాం. ఆఫీసుల్లో ఆర్‌టీఎఫ్ అంటే ట్యూషన్ ఫీజు, ఎంటీఎఫ్ అంటే తిండి, వసతి ఖర్చులు. పేర్లు మారినప్పుడల్లా "ఆ పథకం తీసేశారంట" అనే మాట ఊళ్లలో పుడుతుంది. ఆ మాట నమ్మి దరఖాస్తు మానేసినవాళ్లున్నారు. పథకం పోలేదు. రాష్ట్ర ప్రభుత్వ జ్ఞానభూమి పోర్టల్‌లోనే నడుస్తోంది.

విద్యా దీవెన కాలంలో పెట్టిన అర్హతలు ఇవి: కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షలు దాటకూడదు. మాగాణి పదెకరాలు, మెట్ట అయితే ఇరవై అయిదెకరాలు, రెండూ కలిపినా ఇరవై అయిదెకరాల లోపే ఉండాలి. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గానీ, ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్లు గానీ ఉండకూడదు. పారిశుధ్య కార్మికులకు మినహాయింపు ఉంది. సొంత కారు ఉండకూడదు. టాక్సీ, ఆటో, ట్రాక్టర్ ఉంటే ఫర్వాలేదు. తీరంలో ఎక్కువ కుటుంబాలు ఈ గీతకు లోపలే ఉంటాయి. పట్టపు, పల్లి, అగ్నికులక్షత్రియ, జాలరి తదితర కులాలన్నీ బీసీ-ఏలో మొదటి వరసలోనే ఉన్నాయి. అయినా డబ్బు ఆగిందంటే, కారణం కులమో ఆదాయమో కాకుండా ఇంకెక్కడో ఉందన్నమాట.

ఎక్కువగా కనబడే కారణాలు రెండు. ఒకటి సీటు వచ్చిన తీరు. కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకే ఫీజు వస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాకు, స్పాట్ అడ్మిషన్‌కు రాదు. దూరవిద్యకు రాదు. చేరే రోజున "అన్నీ మేం చూసుకుంటాం" అన్న మాట మీద చేరి, రెండో ఏడాదిలో తమది స్పాట్ సీటని తెలుసుకునే పిల్లలను చూస్తే బాధేస్తుంది. మీ అలాట్‌మెంట్ కాగితం తీసి చూడండి, అందులో కోటా రాసే ఉంటుంది. రెండోది హాజరు. 75 శాతం తప్పనిసరి. సీజన్లో నాన్నకు తోడుగా బోటెక్కినా, రొయ్యల గుంటల మీద రాత్రి కాపలాకు వెళ్లినా ముందు దెబ్బతినేది ఇదే. హాజరు 75 లోపుకు జారుతోందని తెలిసిన రోజే కాలేజీతో మాట్లాడాలి. సెమిస్టర్ అయిపోయాక మాట్లాడితే ప్రిన్సిపాల్‌కు మనసున్నా ఏమీ చేయలేని పరిస్థితి వస్తుంది. డిటైన్ అయితే ఆ ఏడాదిని మళ్లీ చదవడానికి ఫీజు రాదు.

ఈ డబ్బు ఎవరి చేతికి వస్తుందన్నది కూడా మారుతూ వచ్చింది. 2021లో తల్లుల ఖాతాల్లో వేశారు. తర్వాత తల్లీబిడ్డల జాయింట్ ఖాతా అన్నారు. 2024 తర్వాత మళ్లీ నేరుగా కాలేజీ ఖాతాకే. నన్నడిగితే కాలేజీకి వేయడమే మంచిది. తల్లి ఖాతాలో పడిన డబ్బు ఇంట్లో జబ్బుకో వల కొనడానికో ఖర్చయిపోతే, ఆ తర్వాత కాలేజీ ముందు నిలబడాల్సింది బిడ్డే కదా. కానీ కాలేజీకి పడే పద్ధతిలో ఇంకో చిక్కుంది. ఎంత వచ్చిందో, ఏ విడత వచ్చిందో విద్యార్థికి తెలియదు. అందుకే ప్రతి ఏడాది చివర అకౌంట్స్ సెక్షన్‌కు వెళ్లి మీ పేరు మీద ప్రభుత్వం నుంచి ఎంత జమ అయింది, మీరు చేతి నుంచి ఎంత కట్టారు, ఇంకా ఎంత బాకీ ఉంది అని అడిగి, రాసిచ్చిన కాగితం తీసుకోండి. చేతి నుంచి కట్టిన ప్రతి రూపాయికీ రసీదు ఉండాలి. ఇది అనుమానంతో అడిగేది కాదు, హక్కుగా అడిగేది.

కేంద్రం ఇచ్చేది ఎవరికి లాభం

నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో కాలేజీ, యూనివర్సిటీ విద్యార్థుల కోసం ఒక పథకం ఉంది. పీఎం-యూఎస్‌పీ సెంట్రల్ సెక్టార్ స్కీమ్ అంటారు. దేశం మొత్తానికి ఏడాదికి 82,000 కొత్త స్కాలర్‌షిప్‌లు, అందులో సగం ఆడపిల్లలకు. డిగ్రీలో మొదటి మూడేళ్లు ఏడాదికి 12,000 రూపాయలు, పీజీలో 20,000. ముత్తుకూరు ఫిషరీ సైన్స్ కాలేజీలో చదివే బీఎఫ్‌ఎస్సీ లాంటి నాలుగేళ్ల ప్రొఫెషనల్ కోర్సయితే నాలుగో ఏడాదిలో 20,000 వస్తుంది. కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల దాకా ఉండొచ్చు.

దీనికి ఇంటర్‌లో 80వ పర్సంటైల్ పైన ఉండాలి. దీన్ని 80 శాతం మార్కులనుకుని చాలామంది తప్పు లెక్క వేసుకుంటున్నారు. మీ బోర్డులో మీ గ్రూపులో పాసైనవాళ్లందరినీ మార్కుల వరసలో నిలబెడితే, పై నుంచి అయిదో వంతులో మీరు ఉండాలన్నది దీని అర్థం. మన ఇంటర్ బోర్డులో మార్కులు ధారాళంగా పడతాయి కాబట్టి ఈ గీత కూడా ఎత్తులోనే ఉంటుంది. అయితే ఇంకో మంచి సంగతుంది. సైన్స్, కామర్స్, ఆర్ట్స్ గ్రూపులకు 3:2:1 లెక్కన విడివిడిగా సీట్లు పంచుతారు. హెచ్‌ఈసీ చదివిన అమ్మాయి ఎంపీసీ వాళ్ల మార్కులతో పోటీ పడక్కర్లేదు. ఆర్ట్స్ పిల్లలు ఈ మాట తెలియకనే వెనక్కి తగ్గుతున్నారు.

ఇక్కడ ముఖ్యమైన మెలిక ఒకటుంది. రాష్ట్రం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ గానీ మరో స్కాలర్‌షిప్ గానీ తీసుకునేవాళ్లు ఈ 12,000 తీసుకోకూడదు. రెండింట్లో ఒకటే. బీటెక్‌లో కన్వీనర్ కోటా సీటుకు ఏడాది ఫీజు 40 వేలు, అంతకు పైనే ఉంటుంది. ఆ ఫీజు ప్రభుత్వం కడుతుంటే దాన్ని వదులుకుని 12,000 కోసం వెళ్లడం నష్టం. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఏ చదివే అమ్మాయి లెక్క వేరు. అక్కడ ఫీజే తక్కువ, ఆ 12,000 నేరుగా తన ఖాతాలో పడుతుంది, బస్ పాసుకూ పుస్తకాలకూ పనికొస్తుంది. కానీ ఎంటీఎఫ్ కింద తనకు ఎంత వస్తోందో, అది నిజంగా చేతికి అందుతోందో చూసుకున్నాకే నిర్ణయించుకోవాలి. వసతి దీవెన రోజుల్లో డిగ్రీ విద్యార్థికి ఏడాదికి 20,000 అని పెట్టారు. చేతికొచ్చే మొత్తాన్ని మొత్తంతో పోల్చుకోండి, పేరును పేరుతో కాదు.

నా దృష్టిలో ఈ పథకం అసలు అక్కరకొచ్చేది రెండున్నర లక్షలకూ నాలుగున్నర లక్షలకూ మధ్య ఆదాయమున్న ఇళ్లకు. సొంత ఫైబర్ బోటున్న కుటుంబం, పోర్టు చుట్టుపక్కల కంపెనీల్లో కాంట్రాక్టు జీతం మీద ఉన్న కుటుంబం, నెల్లూరులో చిన్న దుకాణం నడిపేవాళ్లు: వీళ్లు రాష్ట్ర పథకం గీత దాటేస్తారు. అంతమాత్రాన కలిగినవాళ్లు కారు. "మాకేం రాదులే" అని ఊరుకునేది ఎక్కువగా వీళ్లే.

కొత్తగా పెట్టుకోవడానికి ఇది మొదటి ఏడాదిలోనే. రెండో ఏడాదిలో ఉన్నవాళ్లు కిందటేడు వచ్చి ఉంటే రెన్యువల్ చేసుకోవాలి. ఆ రెన్యువల్‌కు కనీసం 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు కావాలి. రెన్యువల్ చేయాల్సినవాళ్లు పొరపాటున "ఫ్రెష్" నొక్కితే దరఖాస్తు పోయినట్టే. ఇంకోటి, పోర్టల్‌లో సబ్మిట్ కొట్టడంతో పని అయిపోదు. దరఖాస్తు ముందు కాలేజీ నోడల్ ఆఫీసర్ దగ్గరికి వెళ్తుంది, ఆయన సరిచూసి పైకి పంపాలి. ఏదైనా కాగితం తేడాగా ఉంటే "డిఫెక్టివ్" అని గుర్తు పెట్టి వెనక్కి పంపుతారు. అంటే తిరస్కరించలేదు, సరిచేసి మళ్లీ పంపమని. కానీ విద్యార్థి ఆ పేజీ మళ్లీ తెరిస్తేనే ఈ సంగతి తెలిసేది. తెరవకపోతే గడువు దాటిపోతుంది, దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. సబ్మిట్ చేశాక వారానికోసారి స్టేటస్ చూసే అలవాటు మార్కుల కన్నా ఎక్కువ మందికి స్కాలర్‌షిప్ తెచ్చిపెడుతుందని నేను నమ్ముతాను.

పేరు, ఫోను, ఖాతా

ఇప్పుడు అసలు చిక్కులకు వద్దాం. తీరప్రాంతపు పిల్లల దరఖాస్తులు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

పేరుతో మొదలుపెడదాం. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరుకు ఒక్క అక్షరమే ఉంటుంది. బ్యాంకు పాసుబుక్‌లో ఇంటిపేరు చివరికి వెళ్తుంది. మనిషి కంటికి ముగ్గురూ ఒకరే. కంప్యూటర్‌కు ముగ్గురు వేర్వేరు మనుషులు. సరిచేయాల్సి వస్తే ఆధార్‌ను మెమోకు తగ్గట్టు మార్చుకోండి. పదో తరగతి మెమోలో పేరు మార్చడం ఏళ్లు పట్టే పని, అవసరమైతే తప్ప దాని జోలికి వెళ్లొద్దు. ఆధార్‌లో కూడా పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే, పుట్టిన తేదీ ఒక్కసారే. కాబట్టి ఆధార్ కేంద్రంలో కంప్యూటర్ మీద టైపు చేసింది అక్షరం అక్షరం చదివాకే సరేననండి.

తర్వాత ఫోను. చిన్నప్పుడు ఆధార్ తీయించినప్పుడు నాన్న నంబరు ఇచ్చి ఉంటారు. ఇప్పటికీ ఓటీపీ ఆ నంబరుకే వెళ్తుంది. ఆ ఫోను నాన్నతో పాటు బోటులో ఉంటుంది. ఒడ్డు దాటి కొంత దూరం వెళ్తే సిగ్నల్ అందదు. ఇక్కడ నెట్ సెంటర్‌లో కూతురు కూర్చుని నాన్నకు ఫోన్ మీద ఫోన్ చేస్తూనే ఉంటుంది, పది నిమిషాల్లో ఓటీపీ గడువు అయిపోతుంది. రేపు రమ్మంటారు. రేపూ వేటే. దీనికి మందు ఒక్కటే, ఆధార్ కేంద్రానికి వెళ్లి మీ సొంత నంబరు ఎక్కించుకోవడం. డెబ్భై అయిదు రూపాయల్లో అయ్యే పని. ఇంకో ప్రమాదం, నెట్ సెంటర్ అతను తొందరలో తన ఫోన్ నంబరే మీ దరఖాస్తులో వేసేయడం. అతనిది దురుద్దేశం కాకపోవచ్చు. కానీ మీ పాస్‌వర్డ్ మారినా, దరఖాస్తు వెనక్కి వచ్చినా ఆ మెసేజ్ వెళ్లేది అతని ఫోనుకే. మీ నంబరు, మీ ఈమెయిల్ వేయించుకోండి. దరఖాస్తు నంబరు, పోర్టల్ ఇచ్చే పద్నాలుగు అంకెల వన్ టైమ్ రిజిస్ట్రేషన్ నంబరు నోట్‌బుక్ మొదటి పేజీలో రాసిపెట్టుకోండి.

వేలిముద్రలు ఇంకో బాధ. ఊళ్లోని సచివాలయంలో తల్లిదండ్రుల వేలిముద్ర అడిగే సందర్భాలుంటాయి. ఏళ్ల తరబడి వల లాగిన చేతులకు, చేపలకు ఉప్పు పట్టించి ఎండబెట్టిన చేతులకు గీతలు అరిగిపోయి ఉంటాయి. మెషిన్ మీద వేలు నాలుగుసార్లు పెట్టించి "పడట్లేదమ్మా" అని పంపేస్తే ఆ తల్లి తప్పు తనదేననుకుని వెనక్కి వస్తుంది. తప్పు ఆమెది కాదు. కనుపాప, ముఖం చూసి గుర్తించే ఏర్పాట్లు ఆధార్‌లోనే ఉన్నాయి. వాటితో చేయమని మర్యాదగానే, గట్టిగానే అడగాలి. పక్కన చదువుకున్న బిడ్డ నిలబడి అడిగితే జరుగుతుంది. అమ్మను ఒంటరిగా పంపకండి.

ఇక బ్యాంకు ఖాతా. "ఆధార్ లింకయింది కదా" అంటారు అందరూ. ఖాతా తెరిచేటప్పుడు గుర్తింపు కోసం ఆధార్ ఇవ్వడం వేరు, ప్రభుత్వ డబ్బు పడటానికి ఆ ఖాతాను ఆధార్‌కు సీడింగ్ చేయడం వేరు. ప్రభుత్వం డబ్బు పంపేటప్పుడు చాలా పథకాల్లో ఖాతా నంబరు కాకుండా ఆధార్ నంబరు చూస్తుంది. ఆ ఆధార్ ఏ బ్యాంకుతో ముడిపడి ఉందో బ్యాంకుల మధ్య చెల్లింపులు చూసే ఎన్‌పీసీఐ సంస్థ దగ్గర జాబితా ఉంటుంది. ఆ జాబితాలో ఒక్కో మనిషికి ఒక్క బ్యాంకే, చివరగా సీడింగ్ అయిన బ్యాంకే ఉంటుంది. దరఖాస్తులో మీరు ఒక బ్యాంకు ఖాతా రాశారు, మధ్యలో ఊళ్లోకి వచ్చిన పోస్ట్‌మ్యాన్ దగ్గర ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ఖాతా తెరిచారు అనుకోండి. డబ్బు ఆ పోస్టాఫీసు ఖాతాలో పడి ఉంటుంది. మీరేమో "రాలేదు, రాలేదు" అని కాలేజీ చుట్టూ తిరుగుతుంటారు. మై ఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అనే చోట చూస్తే మీది ఏ బ్యాంకో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. స్కూల్లో ఉండగా తెరిచిన మైనర్ ఖాతా అయితే, పద్దెనిమిదేళ్లు నిండాక బ్యాంకుకు వెళ్లి మళ్లీ కేవైసీ ఇవ్వాలి. రెండేళ్లు లావాదేవీ లేకపోతే ఖాతా నిద్రపోతుంది. ఏటా జూన్‌లో ఓ వంద రూపాయలు వేసి తీసినా సరే, ఖాతాను మెలకువగా ఉంచండి.

యానాది గిరిజనుల పిల్లల కష్టం దీనికన్నా వెనక నుంచి మొదలవుతుంది. కాలువల పక్కన, చెరువు గట్ల మీద గుడిసెల్లో బతికే కుటుంబాలకు పుట్టిన తేదీ కాగితమే లేకపోతే ఆధార్ ఎక్కడిది, కుల ధ్రువీకరణ ఎక్కడిది? నెల్లూరు నుంచే వెన్నెలకంటి రాఘవయ్య లాంటివాళ్లు యానాదుల హక్కుల కోసం జీవితాలు ధారపోశారు. యానాదులను పుట్టుకతోనే నేరస్తులుగా చూసిన చట్టం 1952లో రద్దయింది. ఇవాళ ఆ ఇళ్ల నుంచి డిగ్రీ దాకా వచ్చిన ఒక్కో బిడ్డ ఎన్ని అడ్డంకులు దాటి వచ్చిందో కాలేజీల్లో స్కాలర్‌షిప్ పని చూసేవాళ్లు ఒక్క క్షణం ఆలోచించాలి. ఆ బిడ్డకు "కాగితాలు తెచ్చుకో" అని చెప్పి పంపితే సరిపోదు. సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌కు ఓ ఫోన్ చేసి, ఏ కాగితం లేదో కనుక్కుని, ఏ వరసలో తీయించాలో చెప్పాలి. ఒక ఉద్యోగి అర్ధగంట పెట్టే ఆ శ్రద్ధ ఒక బిడ్డను కాలేజీలో నిలబెడుతుంది.

ఏ ఏడాదివాళ్లనైనా తీసుకునేవి

అన్నీ మొదటి ఏడాదికే కావు. సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ ఇచ్చే స్వనాథ్ స్కాలర్‌షిప్‌కు ఏఐసీటీఈ గుర్తింపున్న కోర్సుల్లో ఏ ఏడాది చదువుతున్నవాళ్లయినా పెట్టుకోవచ్చు. ఏడాదికి 50,000 రూపాయలు. తల్లిదండ్రులిద్దరూ లేనివాళ్లు, కోవిడ్‌లో తల్లినో తండ్రినో పోగొట్టుకున్నవాళ్లు, సాయుధ దళాల్లో అమరులైనవారి పిల్లలు అర్హులు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు. కోవిడ్ ఇళ్లను ఖాళీ చేసి వెళ్లి ఎంతో కాలం కాలేదు. అప్పటి బడి పిల్లలే ఇవాళ బీటెక్‌లో ఉన్నారు. వీళ్లలో ఎందరికి ఈ పేరు తెలుసు? అదే ఏఐసీటీఈ ఆడపిల్లలకిచ్చే ప్రగతి మాత్రం మొదటి ఏడాదివాళ్లకూ, డిప్లొమా చేసి లేటరల్ ఎంట్రీలో రెండో ఏడాదిలో చేరినవాళ్లకూ. అదీ ఏడాదికి 50,000. పాలిటెక్నిక్ నుంచి వచ్చిన అమ్మాయిలు ఈ రెండో భాగం గుర్తుపెట్టుకోవాలి.

ప్రైవేటు వైపు హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు పరివర్తన్ ఈసీఎస్‌ఎస్ స్కాలర్‌షిప్ ఒకటి. డిగ్రీలో ఏ ఏడాదిలో ఉన్నా పెట్టుకోవచ్చు. మామూలు డిగ్రీకి 30,000, ప్రొఫెషనల్ కోర్సుకు 50,000. కుటుంబ ఆదాయం రెండున్నర లక్షల లోపు, కిందటి పరీక్షలో 55 శాతం మార్కులు ఉండాలి. ఇంటికి ఈమధ్య పెద్ద కష్టం వచ్చి చదువు ఆగే పరిస్థితి ఉన్నవాళ్లకు ఇందులో ప్రత్యేకంగా చోటుంది. వేటకెళ్లి తిరిగి రాని మనుషులున్న ఊళ్లివి. శవం దొరకకపోతే చట్టం ప్రకారం ఏడేళ్లు గడిస్తే తప్ప మరణించినట్టు భావించరు. అంతదాకా డెత్ సర్టిఫికెట్ చేతికి రావడం కష్టం. అలాంటి ఇంటి బిడ్డ పోలీసు కేసు కాగితం, మత్స్యశాఖకు ఇచ్చిన అర్జీ నకలు జతచేసి సంగతి వివరంగా రాయాలి. డెత్ సర్టిఫికెట్ లేదని దరఖాస్తే మానుకోవద్దు.

ఇలాంటి ప్రైవేటు స్కాలర్‌షిప్‌లలో ఒక పేరా రాయమంటారు, మీకు ఈ సాయం ఎందుకు కావాలో చెప్పమని. చాలామంది రాసేది ఇదీ: "మాది పేద కుటుంబం. నేను బాగా చదివి దేశానికి సేవ చేయాలనుకుంటున్నాను. దయచేసి సాయం చేయగలరు." ఇందులో అబద్ధమేమీ లేదు, కానీ చదివేవాళ్లకు ఏమీ తెలియదు. అదే ఒక అమ్మాయి ఇలా రాసిందనుకుందాం: "మా నాన్న వాటా మీద ఫైబర్ బోటులో వేటకెళ్తారు. వేట ఉన్న నెలల్లోనే ఆదాయం. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా వేట ఉండదు. నేను బీఎస్సీ రెండో ఏడాది, రెండు సెమిస్టర్లలోనూ సప్లీ లేదు. ఊరి నుంచి నెల్లూరుకు రోజూ బస్సు. మూడో ఏడాది ఇంటర్న్‌షిప్‌కు నెల్లూరులోనే ఉండాలి, ఆ గది అద్దె కట్టలేకపోతున్నాం." జాలి పుట్టించే మాట ఒక్కటీ లేదు. కానీ ఎంత అవసరం, ఎందుకు, ఏ నెలల్లో అన్నది కళ్లకు కట్టింది. మీ ఇంటి లెక్క మీకన్నా ఎవరికీ తెలియదు, దాన్నే రాయండి. ఇంగ్లిష్‌లో రాయాల్సి వస్తే ముందు తెలుగులో రాసుకుని, ఆ తర్వాత లెక్చరర్ సాయంతో మార్చుకోండి.

ఆదాయం గురించి ఒక జాగ్రత్త. వేటకెళ్లేవాళ్లకు జీతం కాగితం ఉండదు కాబట్టి తహసీల్దార్ ఆఫీసు ఇచ్చే ఇన్‌కమ్ సర్టిఫికెట్టే ఆధారం. దరఖాస్తులో రాసిన అంకె, సర్టిఫికెట్‌లో ఉన్న అంకె ఒకటే కావాలి. తక్కువ చూపిస్తే మంచిదనుకుని దరఖాస్తులో అరవై వేలు రాసి, సర్టిఫికెట్‌లో తొంభై వేలుంటే, ఆ తేడా ఒక్కటి చాలు తీసి పక్కన పెట్టడానికి. రెండంకెలూ అర్హత లోపలే ఉన్నా సరే.

జ్ఞానభూమిలో గానీ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో గానీ దరఖాస్తుకు ప్రభుత్వం రూపాయి తీసుకోదు. నెట్ సెంటర్‌కు టైపింగ్, ప్రింటు డబ్బులు ఇస్తాం, అది వేరు. "నాకు పది శాతం ఇస్తే శాంక్షన్ చేయిస్తా" అనేవాడి దగ్గరికి వెళ్లకండి. అతని చేతిలో ఉన్నది మీ ఆధార్ కాపీ, మీ ఓటీపీ తప్ప ఇంకేమీ కాదు.

చివరిగా మూడో ఏడాది వాళ్ల సంగతి. కోర్సు అయిపోయాక ప్రభుత్వం నుంచి రావాల్సిన ఫీజు బకాయి ఉందని, అది మీరే కడితేనే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇస్తామని కొన్ని కాలేజీలు అంటున్నాయి. కాలేజీలకూ జీతాలివ్వాలి, బకాయిలు ఆలస్యమైతే వాళ్లకూ కష్టమే, ఒప్పుకుంటాను. కానీ ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య ఉన్న బాకీకి విద్యార్థి మెమోను తాకట్టు పెట్టుకోవడం అన్యాయం. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2016 డిసెంబరులోనే ప్రకటించింది. నోటి మాటతో వాదించకండి. ప్రిన్సిపాల్ పేరున తెలుగులోనే ఒక అర్జీ రాయండి. కోర్సు పేరు, హాల్ టికెట్ నంబరు, ఏ సర్టిఫికెట్లు కావాలో, ఎప్పుడు అడిగారో, ఏ కారణం చెప్పి ఇవ్వలేదో, ఫీజు ప్రభుత్వ పథకం కింద రావాల్సి ఉందన్న సంగతి, అన్నీ అందులో ఉండాలి. రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచుకోండి. రెండు వారాల్లో కదలిక లేకపోతే ఆ కాపీతో డిగ్రీ వాళ్లు కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు, ఇంజినీరింగ్ వాళ్లు అనంతపురం జేఎన్‌టీయూ రిజిస్ట్రార్‌కు రాయండి. ఇంకో కాపీ సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి, అక్కడిచ్చే అర్జీ నంబరు తీసుకోండి.